టైమ్‌లైన్‌లో అద్దంలా ఉన్న వీడియో వెబ్‌లో ఎందుకు చెడిపోతోంది?

ప్రశ్న: నేను వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈమధ్య ఒక సంస్థకి 12 నిమిషాల వీడియో చేసిచ్చాను. ఫుల్ హెచ్‌డీ, సెకనుకి 25 ఫ్రేములు. సగం ఇంటర్వ్యూలు, సగం వానలో తీసిన షాట్లు. టైమ్‌లైన్‌లో చూస్తే అద్దంలా ఉంది. 50 ఎంబీపీఎస్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే 4.5 జీబీ వచ్చింది. అంత ఫైలు మా వెబ్‌సైట్‌లో పెట్టలేం అన్నారు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక కంప్రెసర్‌లో వేసి 90 ఎంబీకి తెచ్చాను. ఇప్పుడు వాన షాట్లు గళ్లు గళ్లుగా విడిపోతున్నాయి. ఎర్ర అక్షరాల టైటిల్ అంచులు కారిపోయినట్టున్నాయి. రంగులు వెలిసిపోయాయి. ప్లే నొక్కాక చాలాసేపు చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే ఫైలు యూట్యూబ్‌లోనూ పెట్టాను, అక్కడ ఇంకా ఘోరం. నాకు టెన్షన్‌గా ఉంది. ఏ సెట్టింగులు పెట్టాలో నంబర్లు చెప్పేస్తే రాసి పెట్టుకుంటాను.

జవాబు: చెప్తాను, రాసి పెట్టుకోండి. కాకపోతే ముందు మీ ఉత్తరంలో ఉన్న నంబర్లతోనే ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ లెక్క చేతికొస్తే రేపు 40 నిమిషాల వీడియో వచ్చినా ఎవర్నీ అడగక్కర్లేదు.

బిట్‌రేట్ అంటే ఒక్కో సెకను వీడియోకి ఎంత డేటా ఖర్చు పెడుతున్నాం అన్నది. మీ 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 50 మెగాబిట్లు. దాన్ని సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఫైలు సైజు ఎంబీల్లో వస్తుంది. బైటుకి 8 బిట్లు కాబట్టి ఆ 8. మీ వీడియో 12 నిమిషాలు, అంటే 720 సెకన్లు. 50ని 720తో గుణించి 8తో భాగించండి, 4,500 ఎంబీ వస్తుంది. మీకొచ్చిన 4.5 జీబీ అదే. ఇప్పుడు అదే లెక్క వెనక నుంచి వేయండి. 90 ఎంబీని 8తో గుణిస్తే 720. దాన్ని 720 సెకన్లకి పంచితే సెకనుకి సరిగ్గా ఒక్క మెగాబిట్. ఆడియో కూడా అందులోనే సర్దుకోవాలి. 50 ఉన్న చోట 1 మిగిలింది.

ఆ 1 ఎంత తక్కువో తెలియాలంటే అసలు నొక్కని వీడియో ఎంత ఉంటుందో చూడండి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము ఒక్కదానిలో 1920 ఇంటూ 1080, అంటే 20 లక్షల 73 వేల పైచిలుకు పిక్సెళ్లు. మామూలు 8 బిట్ వీడియోలో, ఒక్కో పిక్సెల్‌కి సగటున 12 బిట్ల లెక్కన, సెకనుకి 25 ఫ్రేముల చొప్పున అది దాదాపు 622 మెగాబిట్లు అవుతుంది. అంటే మీరు భారీ ఫైలు అనుకుంటున్న 4.5 జీబీది కూడా అప్పటికే పన్నెండో వంతుకి నొక్కినదే. ఆన్‌లైన్ కంప్రెసర్ దాన్ని మళ్లీ తీసుకుని యాభయ్యో వంతు చేసింది. ఆ 90 ఎంబీని యూట్యూబ్‌కి ఇస్తే అది తన పద్ధతిలో మూడోసారి నొక్కింది. జిరాక్సు కాపీకి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు తీస్తే అక్షరాలు ఏమవుతాయో మీ వాన షాట్లు అలా అయ్యాయి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన విషయం మీరు రాయనిది. ఇంటర్వ్యూల గురించి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. సగం వీడియో అవే కదా! అదే ఒక్క మెగాబిట్‌లో అవి బతికి బట్టకట్టాయి, వాన కొట్టుకుపోయింది. ఎందుకంటే వీడియోని నొక్కి దాచే ఈ కోడెక్‌లు ప్రతి ఫ్రేమునీ మొదటి నుంచి దాచవు. ఒక ఫ్రేము పూర్తిగా దాచుకుంటాయి, దాన్ని కీఫ్రేమ్ అంటారు. తర్వాతి ఫ్రేముల్లో ముందుదానితో పోలిస్తే ఏం మారిందో అంతవరకే రాసుకుంటాయి. మనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే వెనక గోడ కదలదు, కుర్చీ కదలదు. పెదాలు, కళ్లు, చేతులు మారితే సరిపోతుంది. వానలో అలా కుదరదు. ఈ ఫ్రేములో ఉన్న చినుకు తర్వాతి ఫ్రేములో ఉండదు, నీటి మీద ప్రతి వలయం కొత్తదే, ఆకులు ఊగుతూనే ఉంటాయి. కోడెక్‌కి ప్రతిసారీ కొత్తగా రాయాల్సిన పనే. రాయడానికి బిట్లు చాలనప్పుడు అది బొమ్మని చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరంలోని వివరాలు పారేసి, ఆ ముక్కంతా దాదాపు ఒకే రంగుతో నింపేస్తుంది. మీరు చూసిన గళ్లు అవే. నీళ్లు, మంటలు, పొగ, గాలికి ఊగే గడ్డి, గాల్లో ఎగిరే రంగు కాగితాలు, చేతిలో వణుకుతున్న కెమెరా, అన్నిటిదీ ఇదే బాధ. అందుకే ‘వెబ్‌కి ఇంత బిట్‌రేట్ చాలు’ అని ఎవరైనా ఒకే నంబరు చెప్తే, ఏ ఫుటేజ్‌కి అని అడగండి.

సెట్టింగుల కన్నా ముందు మార్చాల్సింది మీ అలవాటు. మీరు ఒకే ఫైలుతో రెండు పనులు చేయించబోయారు. యూట్యూబ్ లాంటి చోటు మీరిచ్చిన ఫైలుని ఎవరికీ నేరుగా చూపించదు, దాన్నుంచి తన సైజుల్లో తాను కొత్త ఫైళ్లు చేసుకుంటుంది. కాబట్టి దానికి ఎంత నిండుగా ఇస్తే అంత మంచిది. సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టే ఫైలు అలా కాదు, చూసేవాళ్ల ఫోన్‌కి అదే వెళ్తుంది. దాన్ని చిన్నగా చేయాలి, ఆ చేసేది మీరే చేయాలి, ఒక్కసారే చేయాలి. ఈ రెండూ ఒకదాన్నుంచి ఒకటి పుట్టకూడదు. రెండూ మాస్టర్ నుంచే రావాలి.

మాస్టర్ అంటే ఎడిటింగ్ పూర్తయ్యాక తీసి దాచుకునే పెద్ద కాపీ. దానికి తక్కువగా నొక్కే కోడెక్‌లు, ప్రోరెస్ 422 గానీ, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ గానీ వాడతారు. ఫుల్ హెచ్‌డీ 25 ఫ్రేములకి ప్రోరెస్ 422 సెకనుకి సుమారు 122 మెగాబిట్లు తింటుంది. మీ 12 నిమిషాలకి దాదాపు 11 జీబీ. గుండె గుభేలుమంటుందని తెలుసు. ఇది ఎవరికీ పంపడానికి కాదు, మీ డిస్కులో ఉంచుకోవడానికి. అంత చోటు లేకపోతే మీరు చేసిన 50 ఎంబీపీఎస్ ఫైలునే మాస్టర్ అనుకోండి, తప్పేం లేదు. నేను ఒకప్పుడు చోటు కలిసొస్తుందని మాస్టర్ చెరిపేసి వెబ్ కోసం చేసిన చిన్న ఫైలు ఒక్కటే ఉంచుకున్నాను. ఏడాది తర్వాత అదే వీడియో పెద్ద తెర మీద వేయాలని ఫోన్ వచ్చింది. ప్రాజెక్ట్ తెరిస్తే సగం క్లిప్పులు కనపడటం లేదని ఎర్ర తెర. ఆ రాత్రి పాత డిస్కులన్నీ వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఇక యూట్యూబ్ సంగతి. మీ దగ్గర ఉన్న 4.5 జీబీ ఫైలు దానికి బ్రహ్మాండంగా సరిపోయే ఫైలు, మీరు దాన్ని పక్కన పెట్టి 90 ఎంబీది ఎక్కించారు! వెరిఫై చేసుకున్న అకౌంట్‌కి యూట్యూబ్ 256 జీబీ దాకా తీసుకుంటుంది, కాబట్టి 4.5 జీబీ దానికో లెక్క కాదు. వాళ్లు సూచించే బిట్‌రేట్ మామూలు రంగుల ఫుల్ హెచ్‌డీకి, సెకనుకి 24 నుంచి 30 ఫ్రేములుంటే 8 ఎంబీపీఎస్. 48 నుంచి 60 ఫ్రేములైతే 12. 4కేలో 24 నుంచి 30 ఫ్రేములైతే 35 నుంచి 45. ఆడియో ఏఏసీ, స్టీరియో 384 కేబీపీఎస్, 48 కిలోహెర్ట్జ్. నన్నడిగితే 8 కనీసం అనుకోండి. ఇంటర్వ్యూకి అది చాలు. వాన షాట్లకి 16 నుంచి 20 పెట్టండి. మీ నెట్ స్పీడ్ బాగుంటే ఏకంగా 50ది ఎక్కించేయండి, ఎక్కువైందని వాళ్లేం అనరు. ఎక్కువ ఇచ్చినందువల్ల నష్టపోయేది అప్‌లోడ్ టైమే.

ఇక్కడ ఎడిటర్లు వాడే ఒక కిటుకు ఉంది. యూట్యూబ్ ఫుల్ హెచ్‌డీ వీడియోలని తరచూ పాత హెచ్.264 కోడెక్‌లో, పిసినారి బిట్‌రేట్‌తో ఇస్తుంది. 1440పీ, ఆ పైన సైజులకి వీపీ9 లాంటి మెరుగైన కోడెక్ వాడుతుంది, డేటా కూడా ఎక్కువ కేటాయిస్తుంది. అందుకని ఫుల్ హెచ్‌డీ ప్రాజెక్ట్‌నే 1440పీ గానో 4కే గానో పెంచి ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కిస్తారు. పెంచినందువల్ల కొత్త వివరాలేం పుట్టవు. ఉన్నవి తక్కువ పోతాయి, అంతే. చూసేవాళ్లు ఆ పెద్ద సైజు ఎంచుకుంటేనే ఆ లాభం. మాటల వీడియోకి ఇంత శ్రమ దండగ. మీ వానకి మాత్రం ఒకసారి చేసి చూడదగ్గదే.

ఎక్కించిన వెంటనే చూసి కంగారు పడొద్దు. ముందు తక్కువ సైజు తయారవుతుంది, హెచ్‌డీ వెనక నెమ్మదిగా వస్తుంది. క్వాలిటీ మెనూలో 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, కనిపించేదాకా మీరు చూస్తున్నది అసలు బొమ్మ కాదు. ఆ మెనూ ‘ఆటో’లో ఉన్నా అంతే, నెట్ మందగిస్తే అది తనంతట తానే దిగజారుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మంచి ఫైలుని తీసేసి మళ్లీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటూ కూర్చున్నవాళ్లని చూశాను.

అసలు కష్టం వెబ్‌సైట్ ఫైలుది. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

ఆన్‌లైన్ కంప్రెసర్లు వదిలేయండి. మీకు తెలియకుండా ఏ సెట్టింగులు పెడుతున్నాయో మనకి కనపడదు. పైగా ఇంకా బయటికి రాని క్లయింట్ వీడియోని ఎవరిదో సర్వర్‌లో పెడుతున్నారన్న సంగతి కూడా ఉంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మాస్టర్‌ని అందులో తెరవండి. ఫార్మాట్ ఎంపీ4, వీడియో కోడెక్ హెచ్.264, అక్కడ దాన్ని ఎక్స్264 అని చూపిస్తుంది. ఫ్రేమ్ రేట్ ‘సేమ్ యాజ్ సోర్స్’, దాని కింద ‘కాన్‌స్టంట్’. క్వాలిటీ దగ్గర ఆర్‌ఎఫ్ అని ఒక స్లైడర్ ఉంటుంది, పని మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఆర్‌ఎఫ్ బిట్‌రేట్ కాదు. ‘నాకు ఈ మాత్రం నాణ్యత కావాలి, దానికి ఎక్కడ ఎంత ఖర్చవుతుందో నువ్వే చూసుకో’ అని చెప్పడం. ఇంటర్వ్యూ దగ్గర అది పొదుపుగా వాడుతుంది, వాన దగ్గర చెయ్యి విప్పుతుంది. నంబరు తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. ఎక్స్264లో ఈ కొలత 0 నుంచి 51 దాకా ఉంటుంది, అది తనంతట తాను తీసుకునేది 23. ఫుల్ హెచ్‌డీకి హ్యాండ్‌బ్రేక్ వాళ్లు చెప్పేది 20 నుంచి 24. 18కి వెళ్తే చాలామంది కంటికి అసలుకీ దీనికీ తేడా దొరకదు. ఇంకోటి గుర్తుంచుకోండి, నంబరు 6 పెరిగితే సైజు దాదాపు సగమవుతుంది, 6 తగ్గితే రెట్టింపు అవుతుంది. మీరు 21తో మొదలుపెట్టండి.

ఎన్‌కోడర్ ప్రీసెట్ ‘స్లో’ పెట్టండి. పేరు చూసి భయపడకండి. కంప్యూటర్ ఎక్కువసేపు ఆలోచించి, అదే నాణ్యతని తక్కువ సైజులో ఇమిడ్చే ప్రయత్నం చేస్తుంది. ఒకసారి చేసి వందలమంది చూసే ఫైలుకి ఆ టైమ్ పెట్టడం న్యాయమే. గ్రాఫిక్స్ కార్డుతో చేసే ఎన్‌కోడింగ్ చాలా వేగంగా అయిపోతుంది కానీ, సైజు బిగించి పట్టుకోవాల్సిన చోట ఎక్స్264 స్లో చేసే పని నాకు ఎక్కువ నచ్చుతుంది. క్లయింట్‌కి చూపించి అభిప్రాయం అడిగే కాపీలకి గ్రాఫిక్స్ కార్డు వాడుకోండి.

12 నిమిషాలూ ఎన్‌కోడ్ చేసి చూడక్కర్లేదు. వాన షాట్లలో మీ కంటికి మరీ కష్టంగా అనిపించిన 20 సెకన్లు ఎంచుకోండి. హ్యాండ్‌బ్రేక్‌లో ‘రేంజ్’ దగ్గర సెకన్లు అని పెట్టి ఆ ముక్క మటుకు చేయించండి. ఒకసారి 19, ఒకసారి 21, ఒకసారి 23. మూడింటినీ తెరంతా వచ్చేలా పెట్టి చూడండి. బొమ్మ ఆపి పిక్సెళ్లు లెక్కపెట్టకండి, ఎవరూ అలా చూడరు. మామూలుగా నడుస్తుంటే కంటికి ఇబ్బంది ఎక్కడ మొదలైందో చూసి, దానికి ఒక మెట్టు ముందు ఆగండి. ఆ నంబరుతో మొత్తం వీడియో చేయించండి.

ఆర్‌ఎఫ్‌తో ఒక చిక్కుంది, చివరికి సైజు ఎంతొస్తుందో ముందే చెప్పలేం. సంస్థవాళ్లు ‘400 ఎంబీ దాటకూడదు’ అని గీత గీశారనుకోండి, అప్పుడు యావరేజ్ బిట్‌రేట్‌కి మారి, మల్టీపాస్ టిక్ పెట్టండి. పాత వెర్షన్లలో దాన్ని టూ పాస్ అనేవారు. మొదటిసారి వీడియో అంతా చూసి ఎక్కడ ఎంత కష్టమో నోట్ చేసుకుంటుంది, రెండోసారి ఆ లెక్క ప్రకారం బిట్లు పంచుతుంది. 4 ఎంబీపీఎస్ పెడితే మీ 720 సెకన్లకి 360 ఎంబీ, ఆడియోకి 128 కేబీపీఎస్ చొప్పున మరో 11, 12 ఎంబీ. మాటలకి 128 చాలు, సంగీతం ముఖ్యమైతే 192 ఇవ్వండి. ఆడియో బాగా తగ్గించి మిగుల్చుకునేది చారెడు, పోగొట్టుకునేది గంపెడు.

అంత కూడా కుదరదు, 200 ఎంబీ ప్రాంతంలో కావాలి అంటే సైజు తగ్గించి 720పీ చేయండి. 2.2 ఎంబీపీఎస్ పెడితే ఆడియోతో కలిపి 210 ఎంబీ లోపే వస్తుంది. ‘అయ్యో, ఫుల్ హెచ్‌డీ కాదా’ అనుకుంటారు. ఆకలితో ఉన్న 1080పీ కన్నా కడుపు నిండిన 720పీ నయం. 720పీలో పిక్సెళ్లు సగం కన్నా తక్కువ, కాబట్టి ఒక్కో పిక్సెల్‌కి అందే బిట్లు ఎక్కువ. ఫోన్‌లో చూసేవాళ్లు ఆ తేడా కనిపెట్టడం కష్టం, గళ్లు మాత్రం పిల్లాడు కూడా పట్టుకుంటాడు.

ఇక ప్లే నొక్కాక తిరిగే చక్రం. ఫైలు పెద్దదవడం వల్ల అనుకుని ఉంటారు. ఒక్కోసారి 90 ఎంబీ ఫైలు కూడా ఇలా మొరాయిస్తుంది. ఎంపీ4 ఫైలులో ఒక విషయసూచిక ఉంటుంది, ఏ ఫ్రేము ఎక్కడుందో అన్న పట్టిక. దాన్ని మూవ్ ఆటమ్ అంటారు. ఎన్‌కోడింగ్ అంతా అయ్యాక గానీ ఆ పట్టిక తయారవదు కాబట్టి చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైలు చివర్లో అతికించేస్తాయి. మన కంప్యూటర్‌లో నడిచేటప్పుడు ఏ ఇబ్బందీ తెలియదు. వెబ్‌లో మాత్రం బ్రౌజర్ పుస్తకం చివరి పేజీ దాకా వెళ్లి సూచిక తెచ్చుకుంటే తప్ప మొదటి పేజీ చదవలేదు. సర్వర్ మధ్యలోంచి ముక్కలు ఇచ్చే రకం కాకపోతే, ఫైలంతా దిగేదాకా చక్రమే గతి. హ్యాండ్‌బ్రేక్ మొదటి పేజీలోనే ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే పట్టికని తెచ్చి ముందు పెడుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దీన్నే ఫాస్ట్‌స్టార్ట్ అంటారు. నాణ్యతలో వెంట్రుకవాసి తేడా రాదు, సైజు మారదు. నేను ఒక పనిలో ఈ టిక్ మర్చిపోయి రెండు రోజులు సర్వర్‌వాళ్లతో వాదించాను. చివరికి తప్పు నాదే. ఆ రోజు నుంచి ఎన్‌కోడ్ నొక్కేముందు నా కన్ను ముందు అటే పోతుంది.

పట్టిక సరిచేసినా నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి మధ్యలో ఆగుతుంది. 4 ఎంబీపీఎస్ ఫైలుని 3 ఎంబీపీఎస్ లైన్ మీద సాఫీగా నడిపించే మంత్రం ఎవరి దగ్గరా లేదు. దానికి మందు హెచ్‌ఎల్‌ఎస్ లాంటి పద్ధతి. ఒకే వీడియోని మూడు నాలుగు సైజుల్లో, కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి పెడతారు, చూసేవాళ్ల నెట్‌ని బట్టి ప్లేయర్ సైజు మార్చుకుంటూ పోతుంది. ఇది సంస్థ వెబ్‌సైట్ చూసుకునేవాళ్లు చేయాల్సిన పని. చేయలేమంటే, వీడియోని ఏదైనా వీడియో హోస్టింగ్‌లో పెట్టి ప్లేయర్‌ని పేజీలో పొదగమనండి. నిజానికి 12 నిమిషాల వీడియోకి నేనైతే ముందు ఈ మాటే చెప్తాను.

ఎర్ర టైటిల్ దగ్గరికొద్దాం. ఇందులో బిట్‌రేట్ తప్పు సగమే. వెబ్ వీడియో దాదాపు అంతా 4:2:0 అనే పద్ధతిలో ఉంటుంది. వెలుగు నీడల వివరం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒక్కటే. అంటే మీ ఫుల్ హెచ్‌డీలో రంగు వరకు చూస్తే ఉన్నది 960 ఇంటూ 540 బొమ్మే. మన కళ్లు రంగు అంచుల్ని అంత పట్టించుకోవు కాబట్టి ఈ మోసం సాగిపోతుంది. ఎక్కడ దొరికిపోతుందంటే, నల్లటి నేపథ్యం మీద సన్నటి ఎర్ర గీతల దగ్గర. ఎరుపులో వెలుగు పాలు తక్కువ, అక్షరం ఆకారమంతా రంగు మీదే ఆధారపడుతుంది, ఆ రంగు పక్క పిక్సెళ్లలోకి పాకుతుంది. తెలుగు అక్షరాలకి ఇంకా కష్టం. తలకట్టు పోయినా చదివేస్తాం, కింద ఒత్తు పోతే ఆ మాట మరో మాట అవుతుంది. కాబట్టి సన్నటి ఫాంట్ వద్దు. అక్షరాలు తెలుపు గానీ లేత పసుపు గానీ పెట్టి, చుట్టూ పల్చని ముదురు అంచు ఇవ్వండి. ఎరుపే కావాలని క్లయింట్ పట్టుబడితే ఎర్ర పట్టీ వేసి దాని మీద తెల్ల అక్షరాలు రాయండి. ఆయన ఎరుపు ఆయనకుంటుంది, మీ ఒత్తులు మీకుంటాయి.

రంగులు వెలవడానికి కారణాలు రెండు మూడు ఉన్నాయి, ఏదో తేల్చడానికి ఈ పరీక్ష చేయండి. టైమ్‌లైన్‌లో చీకటి ఎక్కువున్న ఒక ఫ్రేముని ఫొటోగా తీసుకోండి. అదే ఫ్రేముని బ్రౌజర్‌లో ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి నలుపు చూడండి. నలుపు బూడిదగా, తెలుపు కాస్త మాసినట్టుగా ఉంటే అది రేంజ్ గొడవ. వీడియోలో నలుపుని 16 అనీ తెలుపుని 235 అనీ రాసే ఆచారం ఉంది, కంప్యూటర్ తెరలు 0 నుంచి 255 వాడతాయి. దారిలో ఎవరో ఒకరు ఈ మార్పు చేయడం మర్చిపోతే ఇలా అవుతుంది. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ ‘ఆటో’ లేదా ‘వీడియో’లో, కలర్ రెక్.709 (హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణం)లో ఉన్నాయో లేదో చూడండి. బ్రౌజర్‌లో బాగానే ఉండి మ్యాక్‌లోని క్విక్‌టైమ్‌లో మాత్రం తేలిపోతుంటే అది ఆ ప్లేయర్ గామాని చదివే తీరు, దాని కోసం గ్రేడింగ్ మార్చకండి. ఫోన్‌తో తీసిన క్లిప్పులు మాత్రమే వెలిసినట్టున్నాయా? అవి హెచ్‌డీఆర్‌లో, అంటే మామూలు కన్నా ఎక్కువ వెలుగు నీడల తేడా పట్టే పద్ధతిలో, తీసి ఉంటారు. వాటిని టైమ్‌లైన్‌లోనే మామూలు రంగుల్లోకి మార్చుకోవాలి, ఎక్స్‌పోర్ట్‌లో సరిచేయబోతే అన్ని క్లిప్పులూ కదులుతాయి.

ఫోన్ క్లిప్పులు అనగానే ఇంకోటి. ఫోన్లు చాలావాటిలో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, వెలుగుని బట్టి మారుతుంది. ఎడిట్‌లో మాటకీ పెదాలకీ పొంతన చెదిరితే ముందు అనుమానించాల్సింది దాన్నే. హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ చేసుకుని అప్పుడు టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. మీ ప్రాజెక్ట్ 25 కాబట్టి ఎక్స్‌పోర్ట్ కూడా 25. వెబ్ కదా అని 30 చేయకండి, కదలికలో కుదుపు వస్తుంది.

వాన షాట్ల దగ్గర మీరు చేయగలిగిన పని ఎక్స్‌పోర్ట్‌కి ముందే ఒకటుంది. మబ్బు పట్టిన వెలుతురులో తీసి ఉంటారు కాబట్టి ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచి ఉంటారు, చినుకులతో పాటు నాయిస్, అంటే బొమ్మ మీద మిణుకుమనే సన్నటి చుక్కలు, కూడా కురుస్తుంటుంది. కోడెక్‌కి చినుకేదో నాయిస్ ఏదో తెలియదు, రెండిటికీ బిట్లు సమానంగా తగలేస్తుంది. ఆ షాట్ల మీద తేలిగ్గా డీనాయిస్ వేయండి. మొహాలు మైనంలా మారేంత వద్దు. షార్పెనింగ్ గానీ, సినిమా లుక్ కోసం గ్రెయిన్ గానీ వేసి ఉంటే వెబ్ ఫైలు కోసం తీసేయండి. తేడా చూడాలంటే పైన చెప్పిన 20 సెకన్ల ముక్కనే డీనాయిస్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి అదే ఆర్‌ఎఫ్‌తో చేసి రెండు సైజులూ పక్కన పెట్టుకోండి.

‘హెచ్‌ఈవీసీ, ఏవీ1 అనే కొత్త కోడెక్‌లు వాడితే సైజు ఇంకా తగ్గుతుందట కదా’ అని మీరు ఎలాగూ అడుగుతారు. తగ్గుతుంది, నిజమే. హెచ్‌ఈవీసీ 2013లో వచ్చింది, ఏవీ1 2018లో. 2003 నాటి హెచ్.264 కన్నా రెండూ తెలివైనవే. కానీ హెచ్.264 నడవని ఫోన్ గానీ బ్రౌజర్ గానీ మీకు దొరకడం కష్టం. మిగతా రెండూ కొన్నిచోట్ల తెర నల్లగా ఉండి మాటలు మాత్రం వినిపిస్తాయి. వెబ్‌సైట్‌లో పెట్టేది ఒకే ఫైలైతే హెచ్.264 తప్ప వేరే ఆలోచన వద్దు.

క్లయింట్ ఆమోదం కోసం వాట్సాప్‌లో వీడియోగా పంపే అలవాటుంటే మానుకోండి. అది దాన్ని మళ్లీ నొక్కేస్తుంది, వాళ్లు ఆ మసక చూసి మీ గ్రేడింగ్ బాగోలేదంటారు. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా లింకివ్వండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. టైటిల్, డీనాయిస్ సరిచేసి కొత్త మాస్టర్ తీయండి. దాన్నుంచి యూట్యూబ్‌కి ఒకటి, వెబ్‌సైట్‌కి ఒకటి. వెబ్‌సైట్‌లో పెట్టాక ఇంట్లో వైఫై ఆపేసి, ఫోన్‌లో మొబైల్ డేటాతో తెరవండి. మధ్యలోకి లాగి వాన దగ్గర ఆపి మళ్లీ నడిపించండి. వెంటనే కదిలితే మీ పని అయినట్టే.

ఒక్క సంగతి మాత్రం వాళ్లకి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. వెబ్‌సైట్‌లో పాత ఫైలు తీసి కొత్తది పెట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో అలా కుదరదు, ఎక్కించిన వీడియో లోపల ఫైలు మార్చనివ్వరు. కొత్తగా ఎక్కించాల్సిందే, కొత్త లింకే వస్తుంది. పాత లింకు వాళ్లు నలుగురికీ పంచేయక ముందే ఆపించండి.